బాలమ్మ అడిగిన మొదటి ప్రశ్న

మక్తల్, గురువారం

బడి కమిటీ తల్లిదండ్రులకు నేను ఇచ్చే ట్రైనింగ్‌ల ఇయ్యాల నాలుగో రోజు. ఆఫీసర్లను ఎట్ల అడగాల్నో నేర్పుతున్న. నేనే ఆఫీసర్ లెక్క కుర్చీల కూసొని, "భయపడకుండ అడుగుండ్రి" అన్న. మూడు రోజుల సంది నోరు తెరువని బాలమ్మ లేచి నిలబడ్డది. వాళ్లది గొర్లు కాసుకునే కుటుంబం.

"ఆఫీసర్‌ను కాదు మేడం, నిన్నే అడుగుత. పొద్దున పదింటికే ఎందుకు పెడ్తవ్ గీ మీటింగ్? నేను ఈడికొస్తే గొర్ల ఎంబడి మా బిడ్డ పోతాంది. నాలుగు రోజులాయె అది బడికి పోక."

పిల్లలు బడి మానొద్దని చెప్పేతందుకే గద నేను ఈ ఊరికి వచ్చింది. కుర్చీల నుంచి లేచిన. "తప్పు నాదే బాలమ్మా. ఏ టైం అయితే మంచిగుంటది?"

"గొర్లు దొడ్లకు చేరినంక."

అందరు తలూపిన్రు. రేపటి సంది రాత్రి ఏడింటికి పెట్టుకున్నం.

పోయేటప్పుడు బాలమ్మ నా చెయ్యి పట్టుకొని, "కోపం రాలే గద మేడం?" అన్నది. కోపమెక్కడిది. సంతోషమైంది, సిగ్గు గూడ అయింది. గా మాట అడిగేతందుకు ఆమెకు నాలుగు రోజులు పట్టింది. మిగిలినోళ్ల ఇండ్లల్ల ఏ పిల్ల బడి మానిందో, నేనైతే ఇంకా ఒక్కరిని గూడ అడగలే.