కట్ట విప్పిన రోజు ఫోటో

అక్కా,

ఫోన్ చేస్తే ఏడ్చేస్తానని మెయిల్ రాస్తున్నాను. అమ్మకు చూపించకు.

నేను ఇంటర్న్‌షిప్ చేస్తున్న ఈ మ్యూజియం ఒకప్పుడు ఒక రచయిత ఇల్లు. ఆయన రాసిన ఉత్తరాలను భార్య తన మనసుకు తోచిన వరసలో పేర్చి, రిబ్బను కట్టి దాచుకుంది. ఇక్కడివాళ్లకు ఆ వరసే ప్రాణం. నాకేం తెలుసు? మా మేడమ్ సెలవులో ఉండగా, మెచ్చుకుంటారని నలభై ఉత్తరాలనూ తేదీల ప్రకారం సర్దిపెట్టాను.

"ఎవరి నిర్వాకం ఇది?" అని నిన్న ఆవిడ అరిస్తే నాకు నోరు పెగల్లేదు. నేనడిగితే బీరువాలోంచి కట్ట తీసిచ్చింది నా తోటి ఇంటర్న్, రిజిస్టర్‌లో సంతకమూ తనదే. ఆ పిల్లను రేపు ఇంటికి పంపేస్తారట. నా వైపు ఒక్కసారి చూసింది, అంతే.

కట్ట విప్పగానే ఉత్తరాలను ఉన్న వరసలోనే బల్లమీద పరిచి, ఫోటో తీసి నీకు పంపాను, గుర్తుందా? ఇక్కడ ఫోటోలు తీయకూడదు. తర్వాత భయమేసి నా ఫోన్లోది తీసేశాను, నిన్నూ తీసేయమన్నాను.

పొద్దున్నే వెళ్లి తప్పు ఒప్పుకుంటాను. దానికి నోరు చాలు. రచయిత భార్య పెట్టుకున్న వరసలో మళ్లీ పేర్చాలంటే మాత్రం ఆ ఫోటో కావాలి.

పుట్టి బుద్ధెరిగాక నా మాట ఒక్కటీ విన్నదానివి కాదు. ఈసారీ వినలేదని చెప్పవే అక్కా.

నీ చెల్లి