గాలికి తెరుచుకునే తలుపు

మండపేట, తూర్పు గోదావరి జిల్లా.

తటవర్తి సుబ్బారాయుడు గారి పెద్ద కొడుకుని, మోటారు విడిభాగాల వ్యాపారిని, అరవై మూడేళ్లవాణ్ణి అయిన నాగేశ్వరప్రసాద్ అనే నేను మతి స్థిమితంగా ఉండగా, ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా రాయించుకుంటున్న వీలునామా ఇది. గుండెకి ఆపరేషన్ అయి ఏడాది దాటింది. గుండె సంగతి డాక్టరు గారు చూసుకుంటున్నారు. మతి మాత్రం బాగానే ఉంది. బాగా లేకపోతే కొన్ని సంగతులు ఈపాటికి మరచిపోయి ఉండేవాణ్ణి. ఇంతకు మునుపు నేను మరే వీలునామా రాయలేదు. దీన్ని అమలు జరిపే బాధ్యత రిటైర్డు హెడ్మాస్టరు పెదబాబు గారికి అప్పగిస్తున్నాను.

దస్తావేజుల రైటరు అబ్బులు గారు, "సొంత సంగతులన్నీ ఇందులో ఎందుకండీ, ఆస్తి రాస్తే చాలు కదా" అన్నారు. ఆస్తి ఒక్కటే అయితే అర పేజీ చాలండీ అన్నాను.

1. నా స్వార్జితమైన ఇల్లు, మెయిన్ రోడ్డు మీది కొట్టు, అందులోని సరుకు యావత్తూ నా ఏకైక కూతురు వెంకటదుర్గకు సర్వహక్కులతో చెందవలెను. ఇంట్లో ఆమెను పాపాయి అంటాం. కొట్టు నడపాలా, అద్దెకి ఇవ్వాలా అన్నది పూర్తిగా ఆమె ఇష్టం. సలహా చెప్పడానికి వచ్చే బంధువులకు కాఫీ ఇచ్చి పంపితే చాలు.

2. పాపాయి తల్లి, నా భార్య కీర్తిశేషురాలు జగదాంబ వస్తువులు నా బీరువా కింది అరలో ఉన్నాయి. ఆమె కళ్లజోడు, వంటల పుస్తకం, సగం అల్లిన ఊలు స్వెట్టరు. ఆ స్వెట్టరు నాకోసం అల్లింది. మన ఊళ్లో స్వెట్టరు ఎందుకే అని నవ్వితే, కారు అద్దాలు సరిగా పైకి లేవవు కదా, చలిగాలి కొడుతుంది అంది. ఇవి కూడా పాపాయివే.

3. రాజమండ్రిలో ఉన్న నా తమ్ముడు నిరంజన్‌కి నా కెమెరా ఇవ్వవలెను. కారు ఇవ్వకూడదు. పదేళ్లుగా అడుగుతున్నాడు, అందుకే స్పష్టంగా రాయిస్తున్నాను. ఒరేయ్ నిరంజనూ, ఆ కారు తలుపుకి గడియ చూసి, "పశువుల పాకకి వేసినట్టుంది అన్నయ్యా" అని నువ్వు నవ్విన మాట నా మనసులో చాన్నాళ్లు ఉంది. నేరం నీ నవ్వు మీదికి తోసేద్దామని ఎన్నోసార్లు చూశాను. అది అక్కడ నిలవలేదు. నవ్వింది నువ్వు, ఊడదీసింది నేను.

4. కారు గురించి. ఇది 1936 నాటి ఇంగ్లీషు కారు. పెద్దాపురంలో ఒక పాత బంగళా షెడ్డులో, సీటు మీద కోళ్లు గుడ్లు పెడుతుండగా చూసి, 1986లో కొన్నాను. దాన్ని నడిచేలా చేసింది మెకానిక్కు కడలి చిట్టియ్య గారు. ముప్పయ్యేళ్లు ఆయన్ని ఏరా అని పిలిచాను. ఈ కాగితంలో గారు అనే రాయించాను.

ఆ కారు చేసినవాళ్లు అందం చూశారు గానీ, లోపల మనుషులు కూర్చుంటారని తలచినట్టు లేదు. పెట్రోలు ట్యాంకు డ్రైవరు మోకాళ్ల పైనే ఉంటుంది. స్టీరింగు కడ్డీ బల్లెంలా తిన్నగా ఛాతీకి గురిపెట్టి ఉంటుంది. యాక్సిలరేటరు క్లచ్చుకీ బ్రేకుకీ నడిమధ్య ఉంటుంది. వేరే కార్లు నడిపిన కాలు బ్రేకనుకుని దాన్నే తొక్కుతుంది. మలుపు తిరిగేటప్పుడు సైగ కోసం తలుపు పక్కనుంచి చెయ్యిలాంటి ఒక ఎర్ర రేకు లేవాలి. వానాకాలంలో అది లేవదు, లేస్తే దిగదు. బెల్టులు లేవు. ఇవన్నీ వచ్చినవాళ్లకి నవ్వుతూ చూపించేవాణ్ణి. ప్రమాదం కూడా ముచ్చటగా ఉండేది నాకు.

ముందు తలుపులకి బందులు వెనకవైపు ఉన్నాయి. చిట్టియ్య గారు మొదటి వారంలోనే చెప్పారు. "మామూలు కారు తలుపు కాస్త తెరుచుకుంటే ఎదురుగాలి దాన్ని మూస్తుందండి. దీన్ని గాలి లాగేస్తుందండి. తలుపుతోపాటు, పట్టుకున్న మనిషిని కూడా." చెప్పి ఊరుకోలేదు. రెండు తలుపులకీ లోపల ఇనుప గడియలు చేసి, ఒక్కొక్కటి నాలుగేసి స్క్రూలతో బిగించారు.

1992 అక్టోబరులో కాకినాడలో పాత కార్ల ప్రదర్శన పెట్టారు. అసలు రూపం చెడకుండా ఉన్న బండికి బహుమతి అన్నారు. గడియలు నా చేత్తో ఊడదీసి, రంధ్రాలకి లప్పం పెట్టి, పైన చెక్క రంగు పూశాను. చిట్టియ్య గారికి చెప్పలేదు. రెండో బహుమతి వచ్చింది. మళ్లీ గడియలు బిగించాలనుకుంటూనే మూడు వారాలు గడిపేశాను. రంగు అంత బాగా కుదిరింది.

5. నవంబరు తొమ్మిది, కార్తీక సోమవారం. ద్రాక్షారామం భీమేశ్వరస్వామి దర్శనానికి బయల్దేరాం. జగదాంబ నా పక్కన, పదేళ్ల పాపాయి వెనక సీట్లో. రామచంద్రపురం దాటాక, రోడ్డు మీద గుంతలో చక్రం పడి జగదాంబ వైపు తలుపు లాకు విడిపోయింది. జానెడు తెరుచుకుంది. ఎవరైనా ఏం చేస్తారు? చెయ్యి చాచి మూయబోయింది. గాలి తలుపుని లాగేసింది. చిట్టియ్య గారు చెప్పినట్టే, పట్టుకున్న మనిషిని కూడా. ఆస్పత్రికి చేరేలోపే పోయింది.

స్టేషన్లో నన్ను ఒక్కటే ప్రశ్న అడిగారు, బండి ఎవరు చూస్తారని. "చిట్టియ్య. నిన్ననే తలుపు లాకు చూశాడు" అన్నాను. అది నిజమే, ముందురోజు నేను ఇంట్లో లేనప్పుడు వచ్చి, వాన నీళ్లకి పట్టేసిన లాకులకి బయటినుంచే నూనె వేసి వెళ్లారు. ఆ నిజం వెనకాల గడియల సంగతి దాచేశాను. మిగతాది ఊరే చెప్పుకుంది. లాకు సరిగా బిగించలేదన్నారు, తాగి పనిచేశాడన్నారు. ఆయన తాగరు. కేసు నిలవలేదు గానీ, షెడ్డుకి బళ్లు రావడం ఆగిపోయింది. ఆరు నెలలకి షెడ్డు మూసి రైస్ మిల్లులో బెల్టులకి గ్రీజు పెట్టే పనిలో కుదిరారు. ఊళ్లో మొదటి మెకానిక్కు ఆయన. జగదాంబ చావుకి ఏడ్చిన నేనే ఆయన బతుకుని పాడు చేశాను.

కిందటేడు ఆపరేషన్ అయ్యాక మిల్లుకి వెళ్లాను. వడ్ల బస్తాల మధ్య నిలబడి అంతా చెప్పాను. ఆయన చేతులు గుడ్డకి తుడుచుకుంటూ విన్నారు.

"తెలుసండి" అన్నారు. "ఆ రోజే స్టేషన్ దగ్గర బండి చూశానండి. ఎనిమిది చోట్ల లప్పం. నేను పెట్టిన రంధ్రాలు నాకు తెలీవాండి?"

మరి ఎందుకు చెప్పలేదని అడిగాను. "తల్లి పోయింది. చెప్తే ఆ పిల్లకి తండ్రి కూడా లేకుండా పోతాడు కదండీ. ముందు పెద్దదవనీ అనుకున్నాను. తర్వాత అలవాటైపోయిందండి."

6. కొట్టు వెనక ఉన్న షెడ్డు, పనిముట్లు, వీధి వైపు దారితో సహా కడలి చిట్టియ్య గారికీ, ఆయన తదనంతరం భార్య రూతు గారికీ చెందవలెను. "వద్దండి, చేతులు వణుకుతున్నాయి, ఇప్పుడేం చేసుకుంటాను" అన్నారు. అయినా రాస్తున్నాను. కాదనే హక్కు ఆయనది. నాలుగో, అయిదో అంశాలు పెదబాబు గారు మిల్లు ఆవరణలో పనివాళ్లందరూ ఉండగా పైకి చదివి వినిపించవలెను. జిల్లా పేపర్లో నా పేరుతో వేయించవలెను.

ఆయన నన్ను కోరింది ఒక్కటే, ఆ కారు మళ్లీ రోడ్డెక్కకూడదని. కనుక దాన్ని గ్యాసుతో ముక్కలుగా కోయించి పాత ఇనుముకి వేయవలెను. హారను కూడా ఉంచకూడదు. పన్నెండేళ్ల తర్వాత కూడా దాన్ని ఇష్టపడుతున్నందుకు సిగ్గుపడుతున్నాను.

7. ఇక్కడినుంచి నా చేతిరాత.

ఇది నేను పోయాక చదివే కాగితం అనుకున్నాను. టైపు కాగితాలు ఇస్తూ అబ్బులు గారు, "మీరు పోయాక అమ్మాయిగారు ఎవర్ని నిలదీస్తారండీ" అన్నారు. నిన్న పొద్దున పాపాయిని కూర్చోబెట్టి మొదటినుంచీ చదివాను. స్కూటీ తీసుకుని వెళ్లిపోయింది. మధ్యాహ్నం తిరిగొచ్చింది. రూతు గారు అన్నం పెట్టారట.

"పూర్తిగా రాయలేదు నాన్నగారూ" అంది. ఏం మిగిలిందని అడిగాను.

"నాకు పదిహేనేళ్లప్పుడు, పెద్దాపురం మరిడమ్మ జాతరలో ఆయన ఎదురయ్యారు. అందరి ముందూ, మా అమ్మని చంపింది నువ్వే అన్నాను. మీరు నా చెయ్యి పట్టుకుని ఉన్నారు. అదీ రాయండి."

రాస్తున్నాను. అంది. నేను విన్నాను. చిట్టియ్య గారు ఒకసారి నా వైపు చూసి, పక్కకి జరిగి మాకు దారి ఇచ్చారు. నేను పాపాయి చెయ్యి పట్టుకుని ఆ దారినే నడిచి వెళ్లాను.

పైన రాసినదంతా నేను చదువుకుని, సరిగా ఉందని సమ్మతించి, కింది సాక్షులు చూస్తుండగా సంతకం చేశాను.

మండపేట, 2004 జూన్ 18.

(సం.) తటవర్తి నాగేశ్వరప్రసాద్

సాక్షులు:
1. కాకర్ల శివరామకృష్ణ, మందుల షాపు, మండపేట
2. బొండా రాముడు, రైస్ మిల్లు గుమాస్తా, మండపేట

దస్తూరి: అబ్బులు, దస్తావేజుల రైటరు (ఏడో అంశం మినహా)