ఖాళీ కింది అరలు

జూన్ 4
చెల్లెలు వచ్చింది. వచ్చీ రాగానే కుండీల దగ్గర గొంతుక్కూర్చుని కలుపు పీకడం మొదలుపెట్టింది. మోకాళ్లు అరిగిపోతాయే, లే అని అరిచాను. అరవై దాటినా వాటికింకా ముహూర్తం కుదరలేదక్కా అంది. ఒళ్లు మండింది.

ఇరవై ఏళ్లుగా నేను కింద కూర్చున్నది లేదు. అప్పట్లో మోకాళ్లు వాచాయని వెళ్తే డాక్టర్ వద్దన్నాడు, మానేశాను. కింది అరలన్నీ ఖాళీ చేసి సామానంతా పైకెక్కించాను. చెప్పులు కూడా స్టూల్ మీదే. మా ఇంట్లో చెప్పులకి సింహాసనం అని ఆయన వెక్కిరింపు. వెక్కిరించనీ. ఎక్స్‌రేలో నా మోకాళ్లు బంగారంలా ఉన్నాయి.

జూన్ 11
కింద పడిందేదైనా ఆయనే తియ్యాలి. మా ఇంటి రూలు.

జూన్ 19, మధ్యాహ్నం, ఆసుపత్రిలో
పొద్దున కింద పడ్డ సబ్బు తియ్యడానికి వంగి ఆయన బాత్రూంలో పడిపోయారు. తల పక్కన రక్తం. అంబులెన్స్‌కి ఫోన్ చేశాను. లేపడం నా వల్ల కాదు, పక్కన కూర్చుందామనుకున్నాను. మోకాళ్లు కాస్త వంగి బిగుసుకుపోయాయి. ఆయన చెయ్యెత్తి, పట్టుకోవే, భయంగా ఉంది అన్నారు. అందలేదు. టవల్ కొస కిందికి వదిలాను. అది పట్టుకున్నారు. రెండో కొస పట్టుకుని, బట్టలారేసేదానిలా నిలబడ్డాను. అంబులెన్స్ వాళ్లు వచ్చేదాకా అంతే.

జూన్ 22
పోయారు.

జూలై 15
చెల్లెలు ఫిజియోథెరపీకి లాక్కెళ్లింది. అక్కడి అమ్మాయి నా కాళ్లు వంచి చూసి, అరగలేదండీ, వాడక బిగుసుకున్నాయి అంది. డాక్టర్ వద్దన్నాడని చెప్పాను. వాపు తగ్గేదాకా అన్నాడు కదక్కా, అప్పుడు నేనూ పక్కనే ఉన్నాను అంది చెల్లెలు. దాన్ని చాచి కొట్టాలనిపించింది. ఇన్నేళ్లూ ఆ ముక్క ఎక్కడ దాచావన్నాను. వచ్చినప్పుడల్లా చెప్పాను, నువ్వు వింటేగా అంది.

చెప్పే ఉంటుంది. నాకు హాయిగా ఉన్న ముక్కే నేను పట్టుకున్నాను.

తలుపు పిడి పట్టుకుని రోజూ కొంచెం కొంచెం కిందికి దిగమంది ఆ అమ్మాయి. చేతులు కాలాక ఆకులు.

ఆగస్టు 2
సగం దాకా దిగాను. నొప్పికి ఆయన్నే తిట్టాను. ముష్టి సబ్బు ముక్క, వదిలేస్తే ఏం పోయేది? రూలు పెట్టిందెవరో గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

అక్టోబర్ 9
ఇవాళ పూర్తిగా కూర్చున్నాను. బాత్రూంలో, ఆయన పడిన చోటే. చెయ్యి చాచాను. నేల అందింది.