గులాబీ రంగు తాబేలు

జులై 12, 2005, మంగళవారం రాత్రి. సికింద్రాబాద్.

ఈ ఉదయం రోజూలాగే ఆరున్నరకు చాప పరిచి బైబిలు తెరిచాను. తమ్ముడు నైట్ షిఫ్ట్ ముగించుకొని బేగంపేట నుంచి అప్పుడే వచ్చాడు. మేనకోడలు షారన్ చేతిలో పట్టుకునే వీడియో గేమ్ ఆడుతోంది. "అత్తా, ఒక్క నిమిషం!" అంది. ప్రార్థన వేళ టీవీ, ఫోను అన్నీ ఆపేయడం మా ఇంటి అలవాటు. గేమ్ కూడా నేనే తీసుకొని ఆపేశాను. ప్రార్థనలో పిల్ల కన్నీళ్లు చూసి భక్తి అనుకున్నాను.

తర్వాత చెప్పింది. "గేమ్‌ల మేం పట్టే తాబేలు అందరికీ పచ్చగనే దొరుకుతది అత్తా. వేలల్ల ఒక్కటే గులాబీ రంగుల వస్తది. మూడు నెలల సంది ఎదురుచూస్తున్న. ఇయ్యాల పట్టిన. సేవ్ చేయకముందే నువ్వు బంద్ చేసినవ్."

"దానికి బలం ఎక్కువా?"

"లేదు. రంగే వేరు, గంతే."



సాయంత్రం షారన్ ప్రార్థనకు రానంది.

"దేవుని మీద అలుగుతవా?" అన్నాడు తమ్ముడు.

"దేవుని మీద కాదు డాడీ, అత్త మీద."

ప్రార్థనకు రానన్నందుకు, పరీక్షలయ్యేదాకా గేమ్ బీరువాలో పెట్టాలని తమ్ముడూ మరదలూ నిర్ణయించారు. తప్పు నాదని చెప్పాల్సింది. చెప్పలేదు. బీరువా తాళంచెవి నా చేతికే ఇచ్చారు.