ఓబులేసు ఒత్తిన ఊపిరి

అత్తా, నీ కొడుక్కు గండం తప్పింది, మాట్లాడుతున్నాడు. దిగులుపడొద్దు.

పాము కరిచాక వేపాకు నమిలిస్తే చేదుగానే ఉందన్నాడు. విషమెక్కలేదనుకొని ఆలస్యం చేశాం. ప్రొద్దుటూరు ఆసుపత్రికి చేరేసరికి రెప్పలు వాలిపోయి ఊపిరి ఆగింది. డాక్టరు విషానికి సూదిమందు ఎక్కించి, గొంతులో గొట్టం వేసి, దానికి తగిలించిన రబ్బరు తిత్తిని ఆపకుండా ఒత్తమన్నాడు. నా చేతులు పట్టు తప్పుతుంటే పక్కమంచం దగ్గరి మనిషి వచ్చి అందుకున్నాడు. చూస్తే, మామ మీద బాంబు వేసిన ఓబులేసు.

"నీ మొగుడెవరో తెలుసులేమ్మా. నువ్వు కూచో, నేను ఒత్తుతాండా" అన్నాడు.

బాంబు విసిరిన ఆ చేయి మూసుకున్నప్పుడల్లా నీ కొడుకు రొమ్ము పైకి లేచింది.

తల్లిలేని గొర్రెపిల్లకు పాలు పడుతున్నారా? పిల్లలకు నా దీవెనలు. మామతో చెప్పు, మనుషుల్నిచ్చి జీపు పంపొద్దు. ఇన్నేండ్లుగా మనం ఎక్కని, ఓబులేసు ఊరి మీదుగా వచ్చే బస్సులోనే ఇంటికొస్తాం.

నీ కోడలు నాగేశ్వరమ్మ