కొత్త ఫోనులో దేవకి చెంప

ఫిబ్రవరి 2
పాత ఫోను ఇక పనికిరాదు. నాలుగు ఫొటోలు తీస్తే వేడెక్కి ఆరిపోతోంది. చర్మవైద్యం చేసే నాకు కెమెరా కావాలి — మచ్చ పోయిన నెల ఎంత, ఈ నెల ఎంత... చెప్పేది అదే. రెండు ఫోన్లు ఎంచి పెట్టాను. మొదటిది బరువు, చూపుకు మొరటు. రంగులు మాత్రం ఉన్నవి ఉన్నట్టు చూపుతుందట. రెండోది ఇప్పుడు అందరి చేతుల్లోనూ కనిపిస్తున్నది. మొదటిదే నయం.

ఫిబ్రవరి 5
గాంధీ రోడ్డులో దుకాణం. అమ్మే అతను రెండోదాన్ని నా ముఖానికెదురుగా పట్టాడు. "సూడండి మేడం, మీ సెల్లెలొచ్చి నిలబడినట్లుండాది!"
నవ్వాను. రెండోదే కొన్నాను. ఇంట్లో ఆయన అడిగితే, కెమెరా మేలైనదన్నాను.

ఫిబ్రవరి 9
నెలనెలా మందుకు నగరి నుంచి వచ్చే దేవకి వచ్చింది. అద్దకం వేసిన నూలు ఎండలో ఆరవేసే పని. రెండు చెంపలమీదా మంగు మచ్చలు. ఎప్పటిలాగే కూర్చోగానే కొంగు చెంపమీదికి లాక్కుంది. కొత్త ఫోనుతో ఫొటో తీసి, పాత ఫొటో పక్కన పెట్టి చూపాను. మంగు సగానికి సగం తగ్గింది.
"ఈ మొకం నాదేనా మేడం? ఇంట్లో అద్దంలో ఇట్ల కనపడలేదే!"
రోజూ చూసుకునేవారికి తేడా తెలియదన్నాను.
"అంతేలే. మా అద్దం గూడా మసకబారిపోయినాది." మళ్ళీ తనే — "మా తోడికోడలు నన్ను పేరు పెట్టి పిలవదు మేడం, 'మచ్చలమ్మా' అంటాది. వచ్చే నెల మా సెల్లెలి సీమంతం. ఈసారి ఫొటోలో ముందర నిలబడతా."
అదే మందు మరో నెల వాడమన్నాను.

ఫిబ్రవరి 20
వాట్సాప్‌లో నా కొత్త ఫొటో. పాకాల పిన్ని వెంటనే — "ఎవురే ఈ పిల్ల?"

మార్చి 4
ముఖం కడుక్కుంటుంటే నుదుటిమీది గుంట వేలికి తగిలింది. చిన్నప్పుడు అమ్మవారు పోసినప్పటిది. కొత్త ఫోనులో తీసిన ఏ ఫొటోలోనూ అది లేదు. సెట్టింగులన్నీ వెదికాను. ముఖాన్ని నున్నగా చేసే బ్యూటీ మోడ్... కొన్ననాటి నుంచీ పనిచేస్తూనే ఉంది.
దేవకి చెంప.
తగ్గింది మంగు కాదు. పనిచేయని మందును నెలంతా పూయించాను.

మార్చి 5
'నాకు తెలియక జరిగింది' అని రాయబోయి ఆగాను. దుకాణంలోనే చూశాను. నుదుట గుంట లేకపోవడం చూసి, సంతోషించి, కొన్నాను.

మార్చి 7
చెబుదామని ఫోను చేశాను. అటునుంచి మగ్గాల చప్పుడు మీదుగా దేవకి గొంతు — "నిన్ననే సీమంతం మేడం! ముందరే నిలబడినా. కొంగు గూడా కప్పుకోలా. మా తోడికోడలు సూస్తానే ఉండింది, నోరు తెరవలేదు!"
ఎండలో తిరగవద్దన్నాను. అసలు సంగతి చెప్పకుండానే పెట్టేశాను.

మార్చి 8
బ్యూటీ మోడ్ తీసేశాను. వాట్సాప్ ఫొటో మాత్రం ఇంకా మార్చలేదు.

మార్చి 11
దేవకి వచ్చింది. కొంగు భుజంమీదే ఉంది.
"కొత్త అద్దం కొన్నా మేడం, పుత్తూరులో. అది గూడా పాతదాని మాదిరే సూపిస్తాది. అంగడోడు మోసం చేసినాడు. మీ ఫోనులోనే నా మొకం సరిగ్గా ఉంటాది. తీయండి." చెంపను కిటికీ వెలుగుకు తిప్పి, కళ్ళు మూసుకుంది.
తీశాను. మంగు అంచులతో సహా తెరమీద ఉంది. ఫోను ఆమె చేతికిచ్చాను.
"నీ అద్దాలు రెండూ మంచివే దేవకీ. తప్పు ఈ ఫోనుది... కాదు, నాది. పోయినసారి ఇది మచ్చల్ని చెరిపి చూపింది. నేను సరిచూడలేదు."
తెరవైపే చూస్తోంది. కోపగించుకుంటే బాగుండును.
"అయితే మొన్న మా తోడికోడలు నోరు తెరవకుండా సూసింది... ఈ మొకాన్నేనా మేడం?"
ఆమె చేయి మెల్లగా కొంగును వెదుక్కుంది. కొత్త మందు రాసిచ్చి, ఎలా పూయాలో చెప్పి, రెండు వారాలకు రమ్మన్నాను.
సరే అనలేదు.