కోటలో బొండకొయ్య

మదనపల్లె, 1947

కుప్పంలో ఉండే మునెప్పన్నకు తమ్ముడు రాసేది.

మొన్న నాయనను పాత కోట చూపించను పిలుచుకొని పోతిని. కూలిన గోడల నడుమ ఇప్పుడు మ్యూజియం పెట్టుండారు. కత్తులు, నాణేలు బాగానే చూసినాడు. కూలోళ్ల కాళ్లు బిగించే బొండకొయ్య కనబడగానే దాని ముందర కూలబడి, కుడికాలు చాపినాడు. లెయ్యమంటే, "దొర చెప్పల్లప్పా" అన్నాడు. నాయన కూలి చేసిన ఆ దొర చచ్చి ఎన్నేండ్లో అయ్యింది.

వాచ్‌మన్, నేను కలిసి ఇంటికి మోసుకొస్తిమి. ఈడ గూడా కాలు మడవకుండా అట్లే ఉండాడు. పక్కన ఎవరో కూర్చున్నట్లు చెయ్యేసి నిమురుతా, "ఏడవద్దప్పా మునెప్పా, పొద్దుగూకితే వదుల్తారు" అంటాండాడు.

అన్నా, నీ చీలమండ మీది మచ్చ కుక్క కరిచిందని చెప్తా ఉంటిరే, అది కుక్క కరిచింది కాదా?

నాకు భయంగా ఉండాది. బస్సెక్కి రా. వదిలేసినారని నువ్వు చెప్తేనే నమ్ముతాడు.

తమ్ముడు